ఆరోగ్య బీమా పథకాలు, ఆసుపత్రుల మధ్య ఆన్‌లైన్ పని సులభం కావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా ఏళ్లు ఒక ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో కూర్చున్నాను. ఆ తర్వాత కొంతకాలం క్లెయిమ్‌ల సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లతో కలిసి పనిచేశాను. ఆ రోజుల్లో నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలే ఇవి. అడిగినవాళ్లలో డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్లున్నారు, సొంత క్లినిక్ నడిపే డాక్టర్లున్నారు, పథకం ఆఫీసుల్లో పనిచేసేవాళ్లున్నారు, వార్డు బయట బెంచీ మీద ఎదురుచూసే బంధువులూ ఉన్నారు. ప్రభుత్వ బీమా అన్నప్పుడు ప్రభుత్వం నేరుగా నడిపే పథకాలను, చట్టప్రకారం జనాన్ని చేర్చుకునే బీమా నిధులను రెండింటినీ దృష్టిలో పెట్టుకున్నాను.

ఇప్పటికే అన్నీ ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి కదా, ఇంకా సులభం చేయడానికి ఏముంది?

చాలా ఉంది. కాగితం ఫారాన్ని ఉన్నదున్నట్టు స్క్రీన్ మీదకు ఎక్కిస్తే ఆన్‌లైన్ అవుతుంది గానీ పని తగ్గదు.

ఒకసారి కూర్చుని లెక్కపెట్టాను. మోకాలి ఆపరేషన్‌కు వచ్చిన ఒక పెద్దావిడ పేరు, పుట్టిన తేదీ మా దగ్గర ఎన్నిసార్లు టైప్ అవుతున్నాయా అని. రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో, పథకం పోర్టల్‌లో అర్హత చూసేటప్పుడు, ప్రీ-ఆథ్ (ముందస్తు అనుమతి) ఫారంలో, ల్యాబ్ రిక్వెస్ట్‌లో, ఇంప్లాంట్ స్టిక్కర్ అంటించే షీటులో, డిశ్చార్జ్ సమ్మరీలో, ఫైనల్ బిల్లులో, చివరికి క్లెయిమ్ పోర్టల్‌లో. మొత్తం ఎనిమిదిసార్లు. ఏడోసారి తేదీలో రోజు, నెల తారుమారయ్యాయి. బిల్లులో ఒక తేదీ, క్లెయిమ్‌లో ఒక తేదీ ఉందని నెల తర్వాత ఆ క్లెయిమ్ తిరిగొచ్చింది. తప్పంతా బిల్లు టైప్ చేసిన అమ్మాయిదేనని అందరూ అన్నారు. నేను అనలేకపోయాను. ఒకసారి సరిగ్గా రాసుకున్న వివరాన్ని ఎనిమిదిసార్లు టైప్ చేయిస్తే ఎక్కడో ఒకచోట ఎవరి చెయ్యయినా తడబడుతుంది.

సులభం చేయడం అంటే నా దృష్టిలో రెండే పనులు. ఒకసారి చెప్పిన విషయాన్ని మళ్లీ అడగకూడదు. తప్పు ఏదైనా ఉంటే పేషెంట్ ఎదురుగా ఉన్నప్పుడే బయటపడాలి. కింద చెప్పిన సంగతులన్నీ ఈ రెండింటి చుట్టూ తిరిగేవే.

ఒక క్లెయిమ్ వెనక అసలు ఎన్ని మెట్లుంటాయి?

ముందు పేషెంట్ పథకంలో ఉన్నారో లేదో చూడాలి. కొన్ని చికిత్సలకు ముందే అనుమతి తీసుకోవాలి. చికిత్స అయ్యాక జబ్బుకు, చేసిన పనికి కోడ్‌లు వేసి బిల్లు పంపాలి. పథకం వాళ్లు సందేహం వస్తే క్వెరీ వేస్తారు, దానికి జవాబివ్వాలి. తర్వాత వాళ్లు ఒప్పుకోవడమో, కోత పెట్టడమో, తిరస్కరించడమో చేస్తారు. డబ్బు బ్యాంకులో పడ్డాక అది ఏ పేషెంట్‌దో లెక్క సరిచూసుకోవాలి. నచ్చకపోతే అప్పీలు. ఏ దేశంలోనైనా పేర్లు మారతాయి గానీ వరుస దాదాపు ఇదే.

ఇంత చిక్కు ఎందుకు వచ్చింది? కావాలనే పెట్టారా?

కావాలని ఎవరూ పెట్టలేదు. ఒక్కో పథకం ఒక్కో కాలంలో, ఒక్కో శాఖ కింద, ఒక్కో సాఫ్ట్‌వేర్‌తో పుట్టింది. పైగా ఎక్కడో ఒక మోసం బయటపడుతుంది, వెంటనే ఫారంలో ఒక కొత్త కాలమ్ చేరుతుంది. చేర్చడానికి ఒక్క మీటింగ్ చాలు. తీసేయాలంటే మాత్రం ఎవరూ సంతకం పెట్టడానికి ముందుకు రారు, రేపు ఏదైనా జరిగితే తమ మీదకు వస్తుందని. అలా పదేళ్లు గడిచేసరికి ఫారం పెరిగిపోతుంది. నేను చూసిన ఒక ఫారంలో పేషెంట్ తండ్రి పేరు రెండుచోట్ల అడిగేవాళ్లు. ఎందుకో ఆ పథకం ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు.

1990లలో అమెరికాలో ఆసుపత్రులు పంపే ఎలక్ట్రానిక్ క్లెయిమ్‌లకు దాదాపు 400 రకాల ఫార్మాట్లు ఉండేవని అక్కడి ప్రభుత్వమే రాసుకుంది. ఒక్కో బీమా సంస్థకు ఒక్కో తీరు. ఆసుపత్రి అన్నీ నేర్చుకోవాలి, లేదా మధ్యలో ఒక ఏజెన్సీకి డబ్బు కట్టి వాళ్లతో మార్పించుకోవాలి.

మరి అమెరికా దాన్ని ఎలా సరిచేసింది?

1996 ఆగస్టులో హిపా అనే ఆరోగ్య బీమా చట్టం వచ్చింది. హిపా అనగానే అందరికీ గోప్యత గుర్తొస్తుంది గానీ, ఆ చట్టంలో 'పరిపాలన సరళీకరణ' పేరుతోనే ఒక భాగం ఉంది. ఆసుపత్రికీ బీమాకూ మధ్య నడిచే ఒక్కో సంభాషణకు ఒక్కో ప్రామాణిక సందేశం పెట్టారు. అర్హత అడిగితే 270, దానికి జవాబు 271. ముందస్తు అనుమతికి 278. క్లెయిమ్‌కు 837. స్టేటస్ అడగడానికి 276, చెప్పడానికి 277. డబ్బు ఎంత, ఎందుకు ఇచ్చామో చెప్పే చీటీకి 835. ప్రభుత్వం ముఖ్యంగా వృద్ధులకు నడిపే మెడికేర్, పేదలకు నడిపే మెడికెయిడ్ అయినా, ప్రైవేటు సంస్థ అయినా అవే నంబర్లు.

ఆ తర్వాత 2007లో ప్రతి డాక్టరుకు, ప్రతి ఆసుపత్రికి 10 అంకెల జాతీయ గుర్తింపు నంబరు తప్పనిసరి చేశారు. అంతకుముందు ఒకే డాక్టరుకు ఒక్కో పథకం ఒక్కో నంబరు ఇచ్చేది. ఈ పది అంకెల్లో చివరిది తనిఖీ అంకె. టైప్ చేసేటప్పుడు ఒక అంకె తప్పు కొడితే లెక్క కుదరదు, కంప్యూటర్ అక్కడికక్కడే పట్టుకుంటుంది. ఇది నాకు చాలా నచ్చిన విషయం.

ఒకే ఫార్మాట్ పెడితే సమస్య తీరిపోతుందా?

సగం తీరుతుంది. ఫార్మాట్ ఒకటే అయినా దాంట్లో ఏ గడి తప్పనిసరి, ఏది ఐచ్ఛికం, జవాబు ఎన్ని సెకన్లలో రావాలి, సర్వర్ ఎన్ని గంటలు పనిచేయాలి అనేది ఎవరిష్టం వాళ్లదైతే మళ్లీ మొదటికే వస్తాం. అమెరికాలో సరిగ్గా అదే జరిగింది. ప్రతి సంస్థా ప్రమాణం పక్కన తన సొంత గైడు పుస్తకం ఒకటి పెట్టింది. అందుకే 2010లో వచ్చిన ఆరోగ్య సంస్కరణల చట్టంలో ఫార్మాట్‌తో పాటు దాన్ని నడిపే నియమాలు కూడా అందరికీ ఒకటే ఉండాలని చేర్చారు.

కొత్త పథకం మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ప్రమాణాన్ని ఎంచుకున్నాం అని ప్రకటించి ఆగిపోకండి. మినహాయింపులు ఎన్ని ఇస్తున్నారో లెక్కపెట్టండి.

ఫైర్ అనే మాట ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. ఏమిటది?

ఎఫ్‌హెచ్‌ఐఆర్ అనే నాలుగక్షరాలను కలిపి ఫైర్ అంటారు. హెచ్‌ఎల్7 అనే ప్రమాణాల సంస్థ తయారుచేసింది. పాత పద్ధతిలో ఒక పెద్ద ఫైలు కట్టి పంపేవాళ్లం. ఇందులో పేషెంట్, మందు, పరీక్ష ఫలితం, క్లెయిమ్ వంటివి విడివిడి ముక్కలుగా ఉంటాయి. కావలసిన ముక్కను మాత్రమే అడిగి తెచ్చుకోవచ్చు. ఉదాహరణకు, హిమోగ్లోబిన్ ఎంతో చూడాలనుకుంటే పథకం సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క విలువనే తీసుకుంటుంది. మనం ల్యాబ్ రిపోర్టును స్కాన్ చేసి, పీడీఎఫ్ చేసి, సైజు ఎక్కువైందని కుదించి, మళ్లీ అప్‌లోడ్ చేసే బాధ తప్పుతుంది. కుదించినప్పుడు అక్షరాలు మసకబారి 'స్పష్టంగా లేదు' అనే క్వెరీ వచ్చిన రోజులు డెస్క్‌లో పనిచేసినవాళ్లెవరూ మర్చిపోరు.

అర్హత చూడటం చిన్న పనే కదా? దాని మీద ఇంత పట్టుదల ఎందుకు?

నా అనుభవంలో ఎక్కువ కన్నీళ్లు చూసింది అక్కడే. అర్హత తప్పుగా తేలితే తర్వాత ఎంత బాగా చేసినా అది తిరిగొచ్చే క్లెయిమే.

ఒక రాత్రి ఒక కుర్రాడు తండ్రిని తీసుకొచ్చాడు, గుండెనొప్పి. పథకం కార్డు మీద ఇంటిపేరు ముందుంది. మా రికార్డులో, అతను తెచ్చిన పాత రిపోర్టులో వెనకుంది. పోర్టల్ 'వివరాలు సరిపోలలేదు' అని మాత్రం చెప్పింది. ఏ వివరమో చెప్పలేదు. పేరా, తేదీయా, లింగమా? మేం ఒక్కొక్కటీ మార్చి మార్చి కొట్టాం. కొన్నిసార్లు తప్పుగా కొడితే లాగిన్ లాక్ అవుతుంది, ఆ టెన్షన్ ఒకటి. చికిత్స ఆపలేదు, డాక్టర్లు వాళ్ల పని వాళ్లు చేశారు. కానీ ఆ కుర్రాడు గంటసేపు కౌంటర్ ముందు నిలబడి, డబ్బు కట్టమంటారేమోనని మా ముఖాలు చూస్తూనే ఉన్నాడు. 'పేరు కార్డుతో కలవలేదు' అని ఒక్క వాక్యం చూపించి ఉంటే రెండు నిమిషాల్లో అయిపోయే పని.

మంచి అర్హత తనిఖీ కొన్ని సెకన్లలో జవాబివ్వాలి. ఈ రోజు పథకంలో ఉన్నారా, ఈ చికిత్స వర్తిస్తుందా, ఏడాది పరిమితిలో ఎంత మిగిలింది, పేషెంట్ కట్టాల్సింది ఏమైనా ఉందా అనేవి ఒకే జవాబులో రావాలి. కలవకపోతే ఏది కలవలేదో చెప్పాలి.

గుర్తింపు నంబరును ఎలా తయారుచేస్తారన్నది కూడా ముఖ్యమే. అమెరికా మెడికేర్ 2018 నుంచి కొత్త కార్డులు పంచింది. పాత కార్డు మీద సోషల్ సెక్యూరిటీ నంబరు ఆధారంగా వేసిన నంబరు ఉండేది, అది పోతే మనిషి గుర్తింపే దొంగల చేతిలో పడేది. కొత్త నంబరులో అంకెలు, అక్షరాలు కలిపి మొత్తం 11 ఉంటాయి. అందులో ఎస్, ఎల్, ఓ, ఐ, బీ, జెడ్ అనే ఇంగ్లిష్ అక్షరాలు వాడరు. ఎందుకంటే అవి 5, 1, 0, 8, 2 అంకెల్లా కనిపిస్తాయి. రోజంతా కౌంటర్‌లో కూర్చుని కార్డులు చదివేవాళ్ల కళ్ల గురించి ఆలోచించి చేసిన పని అది.

ముందస్తు అనుమతి లేకుండా చేయలేమా?

పూర్తిగా తీసేయడం కష్టం. ఖరీదైన చికిత్స అవసరమా కాదా అని పథకం ముందే చూసుకోవాలనుకోవడం తప్పు కాదు. కానీ అది ఎక్కడ పెట్టాలి, ఎంతసేపు పట్టాలి అన్నదానికి హద్దు ఉండాలి. అనుమతి కోసం మంచం మీద పడుకుని ఎదురుచూసే ప్రతి పూటా పేషెంట్‌కు బాధే, ఆసుపత్రికి ఒక పడక ఖాళీ కాదు.

అమెరికాలో 2024 జనవరిలో ఒక నియమం ఖరారైంది. మెడికేర్ అడ్వాంటేజ్, మెడికెయిడ్ వంటి ప్రభుత్వ నిధులతో నడిచే ప్లాన్లు 2026 నుంచి అత్యవసర అభ్యర్థనకు 72 గంటల్లో, మామూలు దానికి 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. కాదంటే ఎందుకు కాదో నిర్దిష్టంగా రాయాలి. ఎన్ని ఒప్పుకున్నారో, ఎన్ని కాదన్నారో ప్రజలకు చూపించాలి. 2027 నుంచి డాక్టరు వాడే సాఫ్ట్‌వేర్‌లోంచే అభ్యర్థన వెళ్లేలా ఫైర్ మార్గం ఇవ్వాలి. ఏడు రోజులు నాకు ఇంకా ఎక్కువే అనిపిస్తుంది. కారణం చెప్పాలన్న షరతు మాత్రం ఎంతో కాలంగా ఎదురుచూసిందే.

ఇంకో మార్గం, నమ్మకం సంపాదించుకున్నవాళ్లను వదిలేయడం. టెక్సాస్ రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసింది. ఒక చికిత్సకు ఒక డాక్టరు పంపిన అభ్యర్థనల్లో 90 శాతం ఆమోదం పొందితే, ఆ చికిత్సకు ఆయనను ముందస్తు అనుమతి అడగకూడదు. అది ప్రైవేటు బీమాలకు పెట్టిన నియమమే అయినా ప్రభుత్వ పథకాలకు ఇంకా బాగా పనికొస్తుందని నా నమ్మకం. ఎప్పుడూ ఒప్పుకునే దాన్ని ప్రతిసారీ అడిగించడం వల్ల రెండువైపులా మనుషుల పొద్దు గడిచిపోతుంది, అంతే.

క్వెరీలు, తిరస్కరణలు తగ్గాలంటే ఏం చేయాలి?

పంపే ముందే తనిఖీ చేయాలి. మగ పేషెంట్‌కు ప్రసవం కోడ్ వేస్తే, డిశ్చార్జ్ తేదీ అడ్మిషన్ కంటే ముందుంటే, కుడి మోకాలికి అనుమతి తీసుకుని ఎడమ మోకాలి ఫొటో పెడితే 'సబ్మిట్' నొక్కగానే తెలియాలి. పథకం ఏ నియమాలతో క్లెయిమ్‌ను జల్లెడ పడుతుందో ఆ నియమాలను ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కు కూడా ఇవ్వాలి. కొంతమంది అధికారులు 'నియమాలు చెప్పేస్తే వాటికి తగ్గట్టు అబద్ధాలు రాస్తారు' అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ తేదీ తప్పును, కోడ్ తప్పును దాచిపెట్టి తర్వాత పట్టుకోవడం వల్ల మోసగాళ్లు దొరకరు, పనివాళ్లు అలిసిపోతారు.

రెండోది, క్వెరీ అంతా ఒకేసారి రావాలి. ఒక ఫ్రాక్చర్ కేసులో మాకు ఐదు క్వెరీలు వచ్చాయి. మొదట ఎక్స్‌రే అడిగారు, ఇచ్చాం. తర్వాత ఆపరేషన్ నోట్స్. తర్వాత ఇంప్లాంట్ బిల్లు. తర్వాత ఎక్స్‌రే మీద పేరు కనబడటం లేదన్నారు. చివరికి ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రే కావాలన్నారు. అప్పటికి పేషెంట్ ఇంటికి వెళ్లిపోయి మూడు వారాలైంది. కట్టు కట్టుకున్న మనిషిని ఒక్క ఫిల్మ్ కోసం మళ్లీ రమ్మని ఫోన్ చేయాల్సి వచ్చింది. ఆ ఫోన్ నేనే చేశాను. ఆయన విసుక్కోలేదు, 'ఆటోలో ఎక్కలేనమ్మా' అన్నారు. ఫలానా చికిత్సకు ఫలానా కాగితాలు అని మొదటి రోజే ఒక జాబితా తెర మీద ఉంటే, డిశ్చార్జ్‌కు ముందే ఆ ఎక్స్‌రే తీసేసేవాళ్లం.

మూడోది, తిరస్కరణకు కారణం కోడ్‌లో ఉండాలి, మాటల్లోనూ ఉండాలి. 'అసంపూర్ణం' అంటే ఏమీ చెప్పనట్టే.

కోడ్‌లు ఎవరికోసం? డాక్టరు రాసింది చాలదా?

డాక్టరు రాసింది ఇంకో డాక్టరుకు చాలు. లక్షల క్లెయిమ్‌లను కంప్యూటర్ పోల్చాలంటే కోడ్ కావాలి. జబ్బులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే ఐసీడీ అనే కోడ్‌ల జాబితా వాడతారు. ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చినా చాలా దేశాలు ఇంకా పదో కూర్పులోనే ఉన్నాయి. అమెరికా 2015 అక్టోబరులో తొమ్మిది నుంచి పదికి మారినప్పుడు జబ్బుల కోడ్‌లు దాదాపు 14 వేల నుంచి 68 వేలకు పెరిగాయి. వివరం పెరిగితే లెక్కలు బాగుంటాయి, కోడింగ్ చేసేవాళ్లకు భారమూ పెరుగుతుంది. శిక్షణ ఇవ్వకుండా కోడ్‌లు మార్చేసే పథకాలంటే నాకు బాధగా ఉంటుంది.

దేశమంతటికీ ఒకే బీమా ఉంటే ఈ గొడవ ఉండదు కదా?

సులువవుతుంది, నిజమే. తైవాన్ 1995 మార్చిలో ఒకే జాతీయ బీమా మొదలుపెట్టింది. 2004 నాటికి అందరి చేతికీ చిప్ కార్డు వచ్చింది. క్లినిక్‌లో కార్డు పెడితే అర్హత తేలుతుంది, చేసిన చికిత్స వివరం 24 గంటల్లో పైకి చేరుతుంది. 2020లో కోవిడ్ వేళ మాస్కుల కొరత వచ్చినప్పుడు అదే కార్డుతో మనిషికి ఇన్ని అని పంచగలిగారు. దక్షిణ కొరియా 2000లో వేర్వేరు నిధులను ఒక్కటిగా కలిపేసి, క్లెయిమ్‌లను పరిశీలించే పనిని హిరా అనే వేరే సంస్థకు అప్పగించింది. డబ్బిచ్చేవాళ్లు ఒకరు, చూసేవాళ్లు ఇంకొకరు.

అయితే ఒకే బీమా లేనివాళ్లు చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఫ్రాన్స్‌లో వేర్వేరు నిధులున్నాయి, అయినా 1998లో వచ్చిన వితాల్ కార్డు అన్నిటికీ ఒకటే. పేషెంట్ కార్డు, డాక్టరు కార్డు రెండూ ఒకే రీడర్‌లో పెడితే చికిత్స చీటీ ఎలక్ట్రానిక్‌గా వెళ్లిపోతుంది, పేషెంట్‌కు డబ్బు సుమారు వారంలో తిరిగొస్తుంది. కాగితం చీటీ పోస్టులో పంపితే వారాలు పట్టేది. జర్మనీలో 90కి పైగా బీమా నిధులున్నాయి. అక్కడా కార్డు ఒకటే తీరు, 2024 జనవరి నుంచి మందుల చీటీ కూడా ఎలక్ట్రానిక్. నిధులు ఎన్ని ఉన్నా ఆసుపత్రి వైపు తలుపు ఒకటే ఉంటే చాలు.

భారతదేశంలో పరిస్థితి ఏమిటి?

ఇక్కడ పథకాలు చాలా ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. కేంద్రం 2018 సెప్టెంబరులో ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన తెచ్చింది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా. 2024లో 70 ఏళ్లు, అంతకు పైబడినవాళ్లందరినీ ఆదాయంతో పని లేకుండా చేర్చారు. ఆసుపత్రుల్లో పేషెంట్లకు సాయం చేయడానికి ఆరోగ్యమిత్ర పేరుతో ఒక మనిషిని కూర్చోబెట్టడం ఈ పథకాల్లో మంచి ఆలోచన. ఆన్‌లైన్ పెరిగే కొద్దీ అలాంటి మనిషి అవసరం తగ్గదు.

2021 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద మనిషికి ఆభా అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు, ఆసుపత్రులకు ఒక రిజిస్ట్రీ, డాక్టర్లకు ఒక రిజిస్ట్రీ వచ్చాయి. వీటిమీద నేషనల్ హెల్త్ క్లెయిమ్స్ ఎక్స్ఛేంజ్ అనే మార్గాన్ని ఫైర్ ప్రమాణంతో కట్టారు. ఆసుపత్రి ఒక్కో బీమాకు ఒక్కో పోర్టల్ తెరవకుండా ఒకే దారిలో క్లెయిమ్ పంపాలన్నది ఉద్దేశం. అన్నీ అందులోకి వచ్చిన రోజున డెస్క్ గోడ మీద అంటించిన పాస్‌వర్డ్ చీటీలు పీకేయొచ్చు.

సులభం చేస్తే మోసాలు పెరగవా?

మోసం చేసేవాళ్లకు ఫారం పొడవు అడ్డు కాదు. వాళ్లు కాగితాలన్నీ చక్కగా పెడతారు. నేను చూసినంతలో కాగితం తక్కువైంది నిజాయితీగా పనిచేసే చిన్న ఆసుపత్రులకే. సమాచారం ఒకే తీరులో వస్తే, ఒకే పేషెంట్ ఒకే రోజు రెండు ఊళ్లలో అడ్మిట్ అయినట్టు, ఒకే ఫొటో పది కేసుల్లో వాడినట్టు కంప్యూటర్ పట్టుకోగలదు. మసక పీడీఎఫ్‌లలో అది కుదరదు.

డబ్బు ఖాతాలో పడ్డాక పని అయిపోయినట్టేనా?

చాలామంది అలాగే అనుకుంటారు. ఖాతాలో ఒక పెద్ద మొత్తం పడుతుంది. అది 43 మంది పేషెంట్లదో, 51 మందిదో తెలియదు. ఎవరికి ఎంత కోత పడిందో తెలియదు. అకౌంట్స్ వాళ్లు క్యాలిక్యులేటర్ పట్టుకుని కూడికలు చేస్తూ కూర్చుంటారు. అమెరికాలో 2014 నుంచి బ్యాంకు బదిలీలో ఒక ట్రేస్ నంబరు పెట్టి, వివరాల చీటీలో అదే నంబరు ఉండేలా నియమం పెట్టారు. చాలా చిన్న మార్పు, ఎంతో ఊరట.

సమయానికి డబ్బివ్వడం కూడా సరళీకరణలో భాగమే. మెడికేర్‌లో లోపం లేని ఎలక్ట్రానిక్ క్లెయిమ్‌కు 14వ రోజు నుంచే డబ్బివ్వొచ్చు, కాగితం క్లెయిమ్‌కు 29వ రోజు దాకా ఆగాలి. లోపం లేని క్లెయిమ్‌కు 30 రోజులు దాటితే వడ్డీ కట్టాలి. ఆన్‌లైన్‌కు మారమని ఉపన్యాసాలివ్వడం కంటే ఇది బాగా పనిచేస్తుంది.

మాది చిన్న క్లినిక్. ఇదంతా మాకు సాధ్యమా?

సాధ్యం కావాలి, లేకపోతే పథకం రూపకల్పనలోనే లోపముంది. మెడికేర్ 2003 అక్టోబరు నుంచి ఎలక్ట్రానిక్ క్లెయిమ్ తప్పనిసరి చేసినప్పుడు పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న డాక్టర్ల క్లినిక్‌లను మినహాయించింది. చిన్నవాళ్లకు ఉచితంగా వాడుకునే సాదా పోర్టల్ ఒకటి, పెద్ద ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్‌తో నేరుగా కలిసే మార్గం ఒకటి, రెండూ ఉండాలి.

సర్వర్ డౌన్ అయితే?

అవుతుంది. దానికి ముందే సిద్ధపడాలి. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో క్లెయిమ్‌లు చేరవేసే ఒక పెద్ద సంస్థ మీద సైబర్ దాడి జరిగింది. వారాల తరబడి ఆసుపత్రులు, మందుల దుకాణాలు బిల్లులు పంపలేకపోయాయి. మెడికేర్ ముందస్తుగా డబ్బు సర్దాల్సి వచ్చింది. అన్నీ ఒకే దారిలో పంపడం సులభమే, ఆ దారి మూసుకుపోతే రెండో దారి కూడా కట్టి ఉంచాలి. డెస్క్ స్థాయిలో అయితే, పోర్టల్ తెరుచుకోకపోతే పేషెంట్‌ను చేర్చుకుని తర్వాత నమోదు చేయవచ్చని పథకం రాతపూర్వకంగా చెప్పాలి. సర్వర్ సమస్యకు పేషెంట్‌ను తిప్పి పంపడం నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను.

ఇంత సమాచారం ఆన్‌లైన్‌లో తిరిగితే గోప్యత మాటేమిటి?

ఒక క్లెయిమ్‌కు ఎంత కావాలో అంతే పంపాలి. కంటి ఆపరేషన్ క్లెయిమ్‌కు పదేళ్ల కిందటి మానసిక చికిత్స కాగితాలు అక్కర్లేదు. ఎవరెవరు ఆ ఫైలు తెరిచారో నమోదవ్వాలి. ఒకే లాగిన్‌ను డెస్క్‌లో నలుగురు పంచుకోవడం ఈ రోజే మానేయాలి.

వీటన్నిటివల్ల పేషెంట్‌కు ఏం ఒరుగుతుంది?

కాగితాలు మోసే పని తప్పుతుంది. జర్మనీలో డాక్టరిచ్చిన అనారోగ్య సెలవు చీటీని పేషెంటే బీమాకు ఒకటి, పనిచేసే చోట ఒకటి చేర్చాల్సి వచ్చేది. జ్వరంతో ఉన్న మనిషి పోస్టాఫీసుకు నడవాలి. 2023 జనవరి నుంచి డాక్టరు దాన్ని బీమాకు పంపితే యాజమాన్యం అక్కడి నుంచే తీసుకుంటోంది. ఇలాంటి మార్పును పేషెంట్ గమనించకపోవచ్చు కూడా. ఆ రోజు మంచం దిగాల్సిన అవసరం రాలేదు, అంతవరకే తెలుస్తుంది.

క్లెయిమ్‌లు చూడటానికి ఏఐ వాడొచ్చా?

కాగితాలన్నీ ఉన్నాయా, కోడ్ కలిసిందా చూడటానికి వాడొచ్చు. ఒప్పుకోవడం కూడా యంత్రం చేయొచ్చు. కాదనే నిర్ణయం మాత్రం ఆ కేసు చదివిన వైద్యుడే తీసుకోవాలి, పేరు పెట్టి సంతకం చేయాలి.

డెస్క్‌లో పనిచేసే మేం రేపటి నుంచే ఏం చేయగలం? మా మాట ఎవరైనా వింటారా?

తిరిగొచ్చిన ప్రతి క్లెయిమ్‌కూ ఒక వరుస రాయండి. తేదీ, కారణం, సరిచేయడానికి పట్టిన సమయం. అంతే. ఫిర్యాదు చేస్తే 'మీవాళ్లు సరిగ్గా చూసుకోవాలి' అంటారు. వరుసలు చూపిస్తే అలా అనలేరు.

పుట్టిన తేదీ తారుమారైన ఆ కేసు తర్వాత మేం మూడు నెలలు అలా రాశాం. తిరిగొచ్చినవాటిలో తేదీ తేడావి ఎన్నో విడదీసి, పట్టిక పథకం ఆఫీసుకు పంపాం. వెంటనే ఏమీ జరగలేదు. తర్వాత ఒక సోమవారం పోర్టల్ తెరిస్తే తేదీ గడిలో నెల అంకెతో కాకుండా పేరుతో కనిపించింది. బిల్లు సెక్షన్ అమ్మాయి కుర్చీ తిప్పి, 'మేడమ్, ఒకసారి ఇటు చూడండి' అని పిలిచింది. ఆ వారమే మా బిల్లు ఫారంలో కూడా అలాగే మార్పించాం.